మామిడి పిందెల ఉగాది

మా అమ్మ అలంకరించడానికి ఉన్న ఇల్లంతా కలిపి రెండు మూరల గుమ్మం. సముద్రం అవతలి దీవిలో, వాయినికోరో దగ్గర చెరుకు తోటలో కూలీల లైన్లు ఉండేవి. పొడుగాటి కొట్టం ఒకటి కట్టి, దాన్ని పలకలతో గదులుగా కోసి, గదికో కుటుంబాన్ని పెట్టారు. పైన రేకు. పొగ పోయే దారి లేక లోపలి గోడలు నల్లగా జిడ్డెక్కి ఉండేవి. వాటికి ఏం పూసినా కనబడదని అమ్మ వాటి జోలికి పోయేది కాదు. గుమ్మాన్ని మాత్రం తనదనుకునేది. ఐదేళ్ళ కూలి ఒప్పందం కాగితం, ఆ గిర్మిట్ మీద వేలిముద్ర వేసి వచ్చిన మనిషి తనదనుకోవడానికి ఇంకేం మిగిలింది గనక.

ఏడాదికి ఒక్కసారి, ఉగాదికి, ఆ గుమ్మం వెలిగిపోయేది. ముందురోజు పని నుంచి వచ్చి, ఎద్దుల కొట్టం నుంచి పేడ తెచ్చి, ఎర్రమట్టి కలిపి, గుమ్మం ముందు చాప వేసేంత మేర అలికేది. గడప పలకని పీచుతో తోమి పసుపు రాసేది. కుంకం దొరికేది కాదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, ఆ పారాణితోనే బొట్లు పెట్టేది. మామిడాకులు అరటినారకి గుచ్చి పైన కట్టేది. వేపపువ్వు ఎక్కడా లేదు. పచ్చడిలోకి చేదు కోసం కాకర ఆకు నలిపి వేసేది. ఇక ముగ్గుకి బియ్యప్పిండే కావాలి ఆవిడకి. పగడపురాళ్ళు కాల్చి చేసిన సున్నం ఊరికే దొరికేది, దాంతో వేసుకోమని అందరూ చెప్పేవారు. అమ్మ వినేది కాదు. వారం వారం కొలిచి ఇచ్చే బియ్యంలోంచి పిడికెడు తీసి దాచేది. ఆ పిడికెడు ఎవరి కంచంలో తగ్గిందో నాకు బాగా తెలుసు.

తెల్లారకముందే ముగ్గు వేసి, లేచి నిలబడి, చెరుకు మడుల వైపు చూస్తూ, "ఏసినావా అమ్మా?" అని అడిగేది. అడిగింది నన్ను కాదు.

నాకు ఒక అక్క ఉంది. మా వైపు అప్ప అంటాం. మా వాళ్ళు ఊరు వదిలినప్పుడు ఆమెకి ఏడేళ్ళు, నాకు రెండు. ఆ రోజుల్లో అప్పకి జ్వరం. మేనత్త దగ్గర ఉంచండి, తగ్గాక తీసుకెళ్ళొచ్చులే అన్నాడు కూలీలను కూడగట్టే మేస్త్రీ. ఎంత దూరం తీసుకెళ్తున్నాడో మాత్రం చెప్పలేదు, మహానుభావుడు. బయల్దేరేటప్పుడు అప్ప అమ్మ కొంగు వదల్లేదట. అప్పుడు అమ్మ ఒక మాట ఇచ్చింది. ఉగాదికి నేను రాలేకపోతే నువ్వు తెల్లారకముందే అత్త గుమ్మంలో ముగ్గెయ్యి, నేను ఎక్కడుంటే అక్కడ అదే పూట వేస్తాను, ఇద్దరం కలిసి వేసినట్టే. అప్ప కొంగు వదిలింది.

ఒకసారి ఎవరిచేతనో ఉత్తరం రాయించారు. జవాబు రాలేదు. రెండోది రాయించలేదు. కాబట్టి అమ్మకీ అప్పకీ మధ్య ఉన్నదల్లా ఏడాదికొక తెల్లవారుజాము. అమ్మ దాన్ని పట్టుకునే బతికింది, ఈ మాటలో ఎక్కువేమీ లేదు. చెరుకు మడిలో సర్దారు తిట్టినా కొట్టినా ఆ సాయంత్రం నోరెత్తేది కాదు గానీ, ఉగాది ఇంకా ఎన్నాళ్ళో మాత్రం అయ్యని అడిగేది. నాకు ఒళ్ళు మండేది. అప్ప ముఖం కూడా నాకు గుర్తులేదు. గుర్తులేని మనిషి మీద అంత ఉక్రోషం ఎలా పుడుతుందో తెలియదు, నాకు మాత్రం పుట్టింది.

ఇంతకీ ఆ ఉగాది ఎప్పుడన్నది ఎవరు చెప్పాలి? లైన్లలో పంచాంగం లేదు. చివరి గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన దేశంలో పంచాంగం చెప్పే బ్రాహ్మల ఇంట్లో పాలేరుగా చేశాడట. ఆ ఒక్క అర్హతతో మా తిథులన్నీ ఆయన చేతిలో పడ్డాయి. ఓడలో, ఆ చీకటి అడుగున వాంతులతో పడి ఉండి, ఎన్ని అమావాస్యలు పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. దిగేసరికి ఇక్కడి మామిడిచెట్లకి ఆకులు తప్ప ఏమీ లేవు. పూతే లేదు, ఉగాది ఇంకా రాలేదు అన్నాడు పెద్దాయన. చెట్టు పూసి, పిందె బొటనవేలంత అయ్యాక వచ్చే అమావాస్య మర్నాడు ఉగాది అని తేల్చాడు. అందరికీ నచ్చింది. ఊళ్ళో ఉగాదంటే మామిడి పిందెలే కదా. ఉత్తరాది వాళ్ళు వానల్లో రంగులాడుకుంటుంటే, వాళ్ళ నెలలు వేరు, మన నెలలు వేరు అని కొట్టిపారేసేవాడు. అలా మూడు ఉగాదులు చేశాం. ముగ్గు పక్కన పిందెలు కూడా పెట్టేది అమ్మ.

నాలుగో ఏడు వానాకాలంలో మా పక్క గదికి కొత్త మొగుడూ పెళ్ళాలు వచ్చారు. మా వైపు వాళ్ళే, కిరస్తానీలు. ఆయనకి వంట వచ్చునని దొర బంగళాలో పెట్టుకున్నారు. ఆవిడకి పట్టుమని పద్దెనిమిదేళ్ళు ఉండవు, నవ్వు ముఖం. ఒక శనివారం సాయంత్రం ఆవిడ తన గుమ్మం ముస్తాబు మొదలుపెట్టింది. పలకలకి సున్నం కొట్టింది. కొబ్బరాకుని చీల్చి, జడలా అల్లి, గుమ్మానికి రెండు వైపులా వేలాడదీసింది. మందారాలు ఒక్కొక్కటే అందులో గుచ్చుతోంది. మర్నాడు ఈస్టరట. అమ్మకి అలాంటివి చూస్తే చేతులు ఊరుకోవు. వెళ్ళి పక్కన కూచుని పూలు అందించింది. నేను అమ్మ వీపుకి ఆనుకుని నిలబడ్డాను.

"అప్పా, మీ గుమ్మం బోసిగా ఉందేటి? ఉగాది తోరణం అప్పుడే తీసీసినారా?" అంది ఆవిడ అమ్మతో.

"ఉగాదెక్కడొచ్చినాది?" అంది అమ్మ. "మామిడికి పూతే నేదు."

ఆవిడ నవ్వింది. "పూతతో పనేటి? మీ కొత్తమావాస్య, ఉగాది ఎల్లిన రెండు మూడు వారాలకి మా ఈస్టరొస్తాది. ఊర్లో ఎప్పుడూ చూసీదే కదా. మీ ఇళ్ళకాడ అలుకుతుంటే మేం సున్నం నానేసుకుంటాం. బంగళాలో గోడకి కేలండరుంది, మా ఇంటాయన చూసే చెప్పినాడు రేపేనని. దొరసాని కూడా ఇల్లంతా పూలు పెట్టించినాదంట."

అమ్మ చేతిలో మందారాన్ని కింద పెట్టింది. "మేం పిందెలు పడ్డాక సేస్తాం," అంది. "చెరుకు కొట్టే రోజుల్లో. అప్పుడు ఊళ్ళో ఏ నెల?"

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇక్కడ ఎండా వానా మన ఊరికి తలకిందులని, చెట్ల కాపూ అంతేనని ఆవిడకి అప్పటికే తెలిసినట్టుంది, జాలిగానే చెప్పింది. "దసరాలు మొదలయ్యే రోజులప్పా."

అమ్మ లేచి నేరుగా చివరి గదికి వెళ్ళింది. నేను వెనకాలే పరిగెత్తాను. పెద్దాయన మంచం మీద కూచుని చుట్ట తాగుతున్నాడు. తిడుతుందనుకున్నాను. ఎవరి మీదైనా అమ్మ అరిస్తే చూడాలని నాకు ఎప్పటినుంచో ఉండేది. అరవలేదు. కొత్తావిడ చెప్పింది చెప్పి, నిజమేనా అని అడిగింది. ఆయన చుట్ట దించి మామిడిచెట్టు వైపు చూశాడు.

"చెట్టు తప్పుతాదని నేననుకోనేదమ్మా," అన్నాడు.

ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. అయ్య ఎంత అడిగినా ఒకటే మాట. "ఆ గుంట ముగ్గేసి, నాకోసం చూసి చూసి లోపలికెల్లిపోయుంటాది. ఒక్క ఏడు కాదు. నాలుగేళ్ళు." తను వేసిన పూట అప్ప దసరా సరదాలో ఏ సందులోనో ఆడుకుంటూ ఉండి ఉంటుంది. అప్ప వేసిన పూట తను చెరుకులో కలుపు తీస్తూ ఉంది, ఆ రోజు ఏ రోజో కూడా తెలియకుండా. అయ్య ఓదార్చడానికి ఏదో మొదలుపెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. నాకు లోపల్లోపల సంతోషం వేసింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, వేసిన మాట నిజం. ఇక అప్ప గొడవ వదిలిందనుకున్నాను.

వదల్లేదు. అయ్య గోడ మీద బొగ్గుతో అమావాస్యకో గీత గీయడం మొదలుపెట్టాడు. కొత్తావిడ ఇంటాయన బంగళా కేలండరు చూసి సరిచూసేవాడు. పన్నెండో గీత మర్నాడు అసలు ఉగాది. మధ్యలో పిందెలు వచ్చాయి, లైన్లలో మిగతావాళ్ళు ఎప్పటిలాగే తోరణాలు కట్టారు. ఎప్పుడైతేనేం, పచ్చడి నాలుక్కి తగిలితే చాలు అన్నారు. వాళ్ళు ఏ గుమ్మంలోనూ ఎవరికీ మాట ఇచ్చి రాలేదు. మా గుమ్మం ఒక్కటే బోసిగా ఉంది. దారిన పోయేవాళ్ళు, మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగారు.

అయినా ఆ ఏడాది అమ్మ మునుపటికంటే బాగుంది. గీతలు పెరిగేకొద్దీ ముఖం తేటపడింది. బియ్యం పిడికెడు కాదు, రెండు పిడికెళ్ళు దాచింది. నాలుగేళ్ళ బాకీ ఒక్క ముగ్గులో తీర్చేయాలి అనేది. చుక్కలు ఎన్ని పెట్టాలో నేల మీద పుల్లతో గీసి చూసుకునేది. నేను పక్కన కూచుంటే, తొక్కకు అని తోసేది.

ఆ రోజు వచ్చింది. పనిదినమే. తెల్లవారుజామున సన్నగా వాన పడి ఆగింది. పూతా లేదు, పిందే లేదు, చిగురు కూడా లేదు. అయ్య తడిసిన ముదురాకులే కోసుకొచ్చాడు. లాంతరు గడప మీద పెట్టారు. అమ్మ రాత్రే అలికింది, పసుపు రాసింది. పిండి గిన్నె చేతిలో పట్టుకుని కూచుంది. నేను ఆ పూట ఎవరూ లేపకుండానే లేచాను.

అయ్య తోరణం కడుతూ, సంతోషపెడదామనే అన్నాడు. "పన్నెండో ఏడు దానికి. నీకంటే పెద్ద ముగ్గే ఏస్తాదేమో ఇప్పుడు."

అమ్మ చుక్క పెట్టబోయిన చెయ్యి ఆగింది.

"పన్నెండా?"

"మరి?"

"పన్నెండేళ్ళ గుంటని దాని మేనత్త ఇంకా ఇంట్లో ఉంచుకుంటాదా?"

మా వైపు ఎనిమిదికో తొమ్మిదికో పెళ్ళి, పన్నెండుకి అత్తారింటికి. తల్లీ తండ్రీ లేని పిల్లని ఇంకా ముందే పంపేస్తారు. ఇన్నేళ్ళూ అమ్మ కళ్ళ ముందు మేనత్త గుమ్మమే ఉంది. ఆ గడప, ఆ వాకిలి, ఆ పక్కన రోలు, అందులో ఏడేళ్ళ పిల్ల. పిల్ల పెరుగుతుందని తెలియక కాదు, ఎదురుగా కూర్చున్న నేను పెరగడం లేదా. ఆ గుమ్మంలోంచి ఆమెని కదపడానికి మనసు రాలేదు, అంతే.

"ఎక్కడున్నా పూట ఇదే కదా," అన్నాడు అయ్య. "ఏసీయ్."

"ఏ ఊరనుకొని ఎయ్యమంటావు? ఏ గుమ్మమనుకొని?" అంది అమ్మ. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

పనికి పిలిచే గంట కొట్టారు. అమ్మ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళి, ఆ పిండి అంతా ఉడుకుతున్న గంజిలో కలిపేసింది. ముగ్గురికీ పోసింది. ఆ రోజు గంజి చిక్కగా, కడుపు నిండేలా ఉంది. తాగి, పార భుజాన వేసుకుని, అలికిన చోటు మీదుగానే నడిచి పనికి పోయింది. ఆ తర్వాత ఆ గుమ్మానికి ఆమె పసుపు రాయలేదు, మా ఇంట ఉగాది అన్న మాట ఎత్తలేదు.

నేను ఆ గడప మీద కూచునే ఉన్నాను. దాటేటప్పుడు ఆమె చీర అంచు నా మోకాలికి తగిలింది. నేనెక్కడున్నానో తెలుసుకోవడానికి ఆమెకి ఏ ఊరి పేరూ అక్కర్లేదు. అయినా ఆమె నావైపు చూడలేదు.