బావ చెప్పిన మైలేజీ

ఈమధ్య కొన్న కారు స్టార్ట్ చేయగానే, మనం అడక్కపోయినా, గాలన్‌కి ఎన్ని మైళ్ళు ఇస్తోందో తెరమీద చూపిస్తుంది. మొన్న అది చూసి మా ఆవిడ, "అప్పట్లో అన్నయ్యగారి కారులో ఇలాంటిదుంటే ఆయన నోటికి పనుండేది కాదు" అంది. అన్నయ్యగారంటే మా అక్క భర్త, నాకు బావ. ఇద్దరం నవ్వబోయి ఆగిపోయాం. 

ఇక్కడ నోవై అనే ఊళ్ళో మా రెండిళ్ళూ దగ్గర దగ్గరే. బావ ఒక కార్ల కంపెనీలో ఇంజిన్లు పరీక్షించే పని చేసేవాడు. ఆ పనిని ఆఫీసులో వదిలిపెట్టి రావడం ఆయనకి చేతకాదు. గ్యాస్, అంటే పెట్రోలు, కొట్టించిన ప్రతిసారీ రసీదు వెనక భాగాహారం చేసి, పక్క పంపుల దగ్గరున్నవాళ్ళు కూడా తలతిప్పి చూసేలా మైలేజీ ప్రకటించేవాడు. పురోహితుడు ముహూర్తం చెబుతున్నంత గంభీరంగా ఉండేది ఆ ప్రకటన. చలికాలమంతా మంచు తవ్వుకుంటూ బతికేవాళ్ళం కనక, వేసవి వచ్చిందంటే రెండు కుటుంబాలం బండ్ల వెనక ట్రైలర్లు తగిలించుకుని ఉత్తరాన సరస్సుల వైపు పరిగెత్తేవాళ్ళం. మాది మడత ట్రైలర్. దారిలో పెట్టెలా అణిగిమణిగి కూర్చుని, చేరాక గుడారంలా విచ్చుకునేది. బావది నిలువెత్తు తెల్లటి గది. అందులో మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉండేవి. అక్కకి అప్పటికే మోకాళ్ళు అరిగిపోయాయి. మాదాంట్లో అయితే మంచం మీదికి పాకుతూ ఎక్కాలి, బాత్రూమ్‌కి క్యాంప్‌గ్రౌండ్ ఆ చివరికి నడవాలి. అందుకే బావ ఆ గదిని కొన్నాడు. దాని కిటికీ పక్కన కూర్చుని, ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతూ, నీళ్ళవైపు చూస్తూ అక్క కూనిరాగం తీసేది. ఇంటి దగ్గర తను పాడగా నేనెప్పుడూ వినలేదు.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో గ్యాస్ ధర మండిపోవడం మొదలైంది. అప్పటిదాకా సరదాగా సాగిన బావ ప్రకటనల్లోకి కాస్త నిష్ఠూరం వచ్చి చేరింది. మాకు పదిహేను వచ్చేచోట ఆయనకి తొమ్మిది వచ్చేది. నేను ఊరుకుంటేనా? "ఏం బావా, ఇల్లు కట్టుకుని బయల్దేరితే అంతే మరి" అనేవాణ్ణి. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి తన తెలుగులో, "మావయ్యా, మీ ట్రైలర్‌కి సో మచ్ దాహం!" అంది ఒకసారి. పంపు దగ్గర అందరం పగలబడి నవ్వాం. ట్రైలర్‌ని లాగే వాళ్ళ ట్రక్కులో కూర్చున్న అక్క కూడా నవ్వింది. అప్పుడే అద్దం పైకెక్కించుకుంది.

ఆ తర్వాతి ప్రయాణానికి వాళ్ళ ట్రైలర్‌లో పచ్చడి జాడీల్లేవు. బియ్యం డబ్బా లేదు. ఇడ్లీ పాత్ర కూడా అక్క దించేసింది. స్నానాల గదిలో బరువు చూసుకునే మెషీన్ తెచ్చి, తన బ్యాగు తూచి, రెండు చీరలు తీసేసి, మళ్ళీ తూచింది. దారిలో గ్యాస్ కొట్టించగానే కిటికీలోంచి తల బయటపెట్టి, "ఈసారి ఎంతొచ్చిందండీ?" అని అడిగింది. మళ్ళీ అదే తొమ్మిది. అక్క మొహం వాడిపోవడం చూసి బావకి పాపమనిపించింది. తన విద్యంతా ఉపయోగించి ఓదార్చబోయాడు. "సామాను బరువు కాదే. చదును రోడ్డుమీద బరువుదేముంది? అసలు సంగతి ఎత్తు. గాలికి గోడ అడ్డం పెట్టి తోసుకుపోతున్నాం. నీ పచ్చళ్ళు నువ్వు తెచ్చుకో" అన్నాడు. ఇంజినీరుగా ఆయన చెప్పిన దాంట్లో ఒక్క తప్పు లేదు. అక్క మాత్రం, "ఆ ఎత్తు నా కోసమేగా" అంది. నేనూ బావా వినీ విననట్టు సోడాలు కొనుక్కోవడానికి కొట్టు లోపలికి వెళ్ళాం.

మరుసటి వేసవికి అక్క దోమలు పడటం లేదంది. సరస్సుల దగ్గర చలి అంది. తను రానని, ఆ పెద్దది అమ్మేయమని పట్టుబట్టింది. దోమల సంగతి ఎవరమూ నమ్మలేదు, కానీ ఎవరమూ గట్టిగా కాదనలేదు. బావ అది అమ్మేసి, మాదానిలాంటిదే ఓ మడత ట్రైలర్ కొన్నాడు. దారిలో మొదటిసారి గ్యాస్ కొట్టించి, అలవాటుగా రసీదు వెనక లెక్కవేశాడు. పక్కనుంచి తొంగిచూశాను. పదిహేను! ట్రైలర్ లాగుతూ ఆయనకి అంత మైలేజీ ఎప్పుడూ రాలేదు. ఆయన గొంతెత్తుతాడని ఎదురుచూశాను. రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మాయి అడిగితే, "ఏదోలే అమ్మా" అన్నాడు. తప్పు చేసి దొరికిపోయినవాడిలా ఉన్నాడు.

అంతలో అక్క ఫోన్ చేసింది. బావ స్పీకర్‌లో పెట్టాడు.

"ఎంతొచ్చిందండీ?"

బావ నావైపు చూశాడు. "తొమ్మిదేనే. పాతదానికీ దీనికీ తేడా ఏం లేదు. అనవసరంగా అమ్మాం. మళ్ళీ అలాంటిదే కొందాం, నువ్వూ వద్దువుగాని."



"అయితే నేను ఊరికే ఉండిపోయానా?" అంది అక్క.

 నిజం చెబితే ఆమె రాకపోవడం మంచిదైందని బావ ఒప్పుకున్నట్టు. అబద్ధం మీదే నిలబడితే ఆమె మానుకున్నదంతా దండగ. "సిగ్నల్ సరిగ్గా లేదే, మళ్ళీ చేస్తా" అని పెట్టేశాడు. సిగ్నల్ నిక్షేపంలా ఉంది. నేనైనా ఫోన్ అందుకుని, "అక్కా, నువ్వు లేకపోతే మాకేం బాగాలేదు" అనాల్సింది. అది మైలేజీతో సంబంధం లేని నిజం. సిగ్గేసి గ్యాస్ ట్యాంకు మూత బిగించాను, బిగించినదాన్నే మళ్ళీ బిగించాను.

తర్వాత బావ నిజంగానే పెద్ద ట్రైలర్లు చూసి వచ్చాడు. అక్క "ఇప్పుడెందుకండీ" అంది, అంతే. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, మా మడత ట్రైలర్ కూడా ఎవరికో ఇచ్చేశాం. ఆ వేసవుల్లో గ్యాస్ ఆదా చేస్తున్నామనే అనుకున్నాం. ఆ చేతులతోనే అక్కని మా ప్రయాణాల్లోంచి తగ్గించేశామని తెలిసేసరికి, మళ్ళీ బయల్దేరే వయసు మాలో ఎవరికీ మిగల్లేదు.