మా అత్త రాసేసిన చోటు

మా అత్త పోయిందన్న ఫోను ఆమె నంబరు నుంచే వచ్చింది. అందుకే నేను నమ్మలేదు. అవతల ఏడుస్తున్నది పక్కింటావిడేనని గొంతు చెబుతూనే ఉంది. అయినా "ముందు అత్తకి ఫోనియ్యండి" అన్నాను. పోర్టు గేటు దగ్గర పాసులు తనిఖీ చేసే ఉద్యోగం నాది. ఎవరేం చెప్పినా ముందు కాదనుకోవడం అలవాటైపోయింది. జాలరిపేటలో ఆమె గుమ్మం ముందు అన్ని జతల చెప్పులు చూశాక గానీ నమ్మలేదు.

మా నాన్నకి అప్ప, అంటే అక్క, ఆమె. కథలు రాసేది. మీలో కొందరు ఆదివారం పేపర్లలో చదివే ఉంటారు. బాగున్నాయని ఆమె ఎదురుగా అనే అవకాశం రాకపోవడం మీ అదృష్టం. "బాగుందన్నోడు సగమే సదివుంటాడు" అనేది మొహమ్మీదే. చివర్లో ఏం జరిగిందో చెప్పమని నిలదీసేది. ఎడిటర్ల మీదా అంతే అనుమానం. అచ్చయిన ప్రతి కథనీ తన ఫోనులోని దాంతో వాక్యం వాక్యం పోల్చుకుని, ఎక్కడ కోశారో పట్టుకునేది.

అంతదాకా రావడానికి ఆమె ఎన్ని సందులు తిరిగిందో. బడి మధ్యలో మానేసి మా నానమ్మ వెనక చేపల గంప మోసింది. గంపతో బస్సెక్కనివ్వకపోతే ఊరంతా నడిచింది. పెళ్లయ్యాక రొయ్యలు ఒలిచే కంపెనీలో చేరి, ఐసు నీళ్లకి వేళ్లు పగిలిపోతే మానేసింది. మావయ్య జ్వరంతో పోయాక ఒక నర్సింగ్ హోంలో ఆయా పని. రోగులు మంచాల మీద వదిలేసి వెళ్లిన వారపత్రికలు చదివింది అక్కడే. చివరికి పరవాడలో ఒక మందుల కంపెనీలో ఊడ్చి తుడిచే పని కుదిరింది. ఆ కంపెనీ బస్సులో, రాకపోకల్లో, ఫోనులో రాయడం మొదలుపెట్టింది.

మొగుడు పోయిన మనిషి ఫోనులోంచి తలెత్తకుండా టకటకా కొడుతూ, మధ్యమధ్యలో తనలో తను నవ్వుకుంటుంటే బస్సు ఊరుకుంటుందా? ఎవడో ఉన్నాడని తేల్చేశారు. ఆ మాట మా ఇంటిదాకా వచ్చింది. సంగతేమిటో కనుక్కోమని నాన్న నన్ను పంపాడు. నేను నీళ్లు నములుతూ నిలబడితే అత్తే ఫోను నా చేతిలో పెట్టింది.

"సూడరా. తనికీలు సేయడమే కదా నీ ఉజ్జోగం."

చూశాను. పడవ మీద వేటకి వెళ్లే ఒక మనిషి కథ. చదువుతుంటే ఒళ్లు తడిసినట్టుంది. ఆమె రాసిందంటే నమ్మబుద్ధి కాలేదు.

"ఎక్కడ్నుంచి దించావత్తా?"

"మీ నాన్న నోట్లోంచి" అంది.

నిజమే. మా ఆడవాళ్లు వేటకి వెళ్లరు. అత్తకి తెలిసిన నడిసముద్రమంతా నాన్న వల బాగుచేసుకుంటూ చెప్పిందే. సెలవు రోజున వచ్చి గడపలో కూర్చుని, నీళ్ల రంగెలా ఉంది, గాలి ఎటు తిరిగింది అని తవ్వితవ్వి అడిగేది. ఇంకెవరడిగినా గంప మీద గోనె కప్పేసే నాన్న, అప్పకి మాత్రం అన్నీ చెప్పేవాడు. చేపలు దొరికే చోటు మావాళ్లు పక్క బోటువాడికి చెప్పరు. ఒడ్డున ఏది దేనికి సూటిగా వస్తుందో చూసుకుని ఆ చోటు పట్టుకుంటారు. ఆ గురుతులు కొడుకులకి చెప్పుకుంటారు. నేను వేట వదిలి గేటు ఉద్యోగానికి పోయానని నాన్న నాకు కూడా చెప్పలేదు.

ఆ కథ పేపర్లో వచ్చిన రోజు నాన్నని పట్టలేకపోయాం. పేపరు తీసుకుని ఒడ్డుకెళ్లి, వలలు ఆరేసుకుంటున్న వాళ్లందర్నీ పోగేసి నాతో చదివించాడు.

"మా అప్ప రాసింది. ఇనండి."

అందులో పడవ మనిషి తెల్లవారుతుండగా ఒడ్డువైపు చూస్తాడు. లైట్‌హౌసు కొండ భుజం మీదికి వస్తుంది. నీళ్ల ట్యాంకు చర్చి శిలువ వెనక దాక్కుంటుంది. అప్పుడతను లంగరు వేస్తాడు. అక్కడికొచ్చేసరికి ఎవరూ కదలడం లేదు. కథ అంత బాగుందనుకున్నాను. అప్ప కథ అచ్చయిందన్న పొంగులో నాన్న కూడా అదే అనుకున్నాడు.

మర్నాడు వంజరం చేపలు పడే మా చోటికి మాకంటే ముందే బోట్లు చేరాయి. కొన్నాళ్లకి అక్కడ ఏమీ మిగల్లేదు. ఆ గురుతులు ఇక్కడ ధైర్యంగా రాయగలిగానంటే అందుకే.

అత్త తమ్ముడి చోటు అమ్ముకుందని పేటలో అన్నారు. ఆమె నా దగ్గర కూర్చుని ఏడ్చింది. "మీ నాన్న సెప్తంటే కళ్లకి కట్టినట్టుండీది. అందంగా ఉందని రాసేసాను. అదే గురుతని నాకేటి తెలుసురా?"

నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆమె గడపలో కాలు పెట్టగానే వల పక్కన పెట్టేసేవాడు. టీ ఇప్పించేవాడు, మందులేసుకున్నావా అని అడిగేవాడు. వేట మాటెత్తితే మాత్రం "ఏట్లేదప్పా, గాలి బాగులేదు" అనేవాడు. బయట సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉన్నా ఆమె వచ్చిన రోజున గాలి బాగుండేది కాదు.

ఆమె కథల్లోంచి సముద్రం పోయింది. బస్సు, రొయ్యల కంపెనీ, నర్సింగ్ హోం రాసింది. సన్మానాలు కూడా జరిగాయి. ఒకసారి శాలువా మడతపెడుతూ నాతో అంది: "నాకు పేరొచ్చిందంతన్నారు. నా తమ్ముడు నాతో మాటాడ్డం మానేసాడు. ఈ పేరు నానేటి సేసుకోను?"

ఒక్కసారి మాత్రం పంతానికి, తన బుర్రలోంచి పుట్టించిన గురుతులతో ఒక కథ రాసింది. రెండు బోట్లు డీజిలు తగలేసుకుని అక్కడికి వెళ్లి, ఖాళీగా వచ్చి, ఆమె గుమ్మం ముందు గొడవ పెట్టుకున్నాయి. నాన్న నవ్వాడు. అటు తిరిగి నవ్వాడు. అత్త చూసింది. వెంటనే వెళ్లి గడపలో కూర్చుంది. అయినా గాలి బాగులేదు.

పిల్లల్లేరు గనక నాన్నే నిప్పుకుండ పట్టాడు. శ్మశానం దారిలో పాడె దింపి, ప్రాణమేమైనా ఉంటే పలుకుతుందేమోనని, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా. పాడె మోసినవాణ్ని గనక నేను తల దగ్గరే ఉన్నాను. నాన్న వంగి "అప్పా" అన్నాడు. మళ్లీ "అప్పా" అన్నాడు. మూడోసారి పిలిచాక పైకి లేవలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె చెవిలో మెల్లగా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. డప్పులు ఆగాయి. వెనకనున్న బోటువాళ్లు ఒక్కొక్కరే మెడలు సాచారు.

"ఏటంతన్నాడ్రా?" అన్నారెవరో.

తను ఇప్పుడు వేటకెళ్తున్న చోటు చెబుతున్నాడు. ఏ కొండ కనబడాలో, దాని కింద ఏది రావాలో, లోతెంతో, ఏ గాలికి అక్కడ నిలవకూడదో. గడపలో కూర్చుని ఆమె అడిగి అడిగి ఊరుకున్నవన్నీ వరసగా చెప్పాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అంతా అయ్యాక తువ్వాలుతో మొహం తుడుచుకుని తలెత్తాడు. నేనంత దగ్గరగా ఉన్నానని అప్పుడే చూశాడు. నా మొహంలోకి అనుమానంగా చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వు గానీ రాసేత్తావేటి?" అని అడిగి, నేను జవాబు చెప్పేదాకా పాడె ఎత్తనివ్వకుండా ఆమె పక్కనే కూర్చున్నాడు.