బోర్లించిన పుట్టి

మా కృష్ణ రేవులో ఇప్పుడు లాంచీలు, వేయించిన చేపల బండ్లు, ఫోటోలు దిగే జనం. లాంచీలు రాకముందు మేం పుట్టిలోనే నది దాటేవాళ్లం. ఎక్కేముందు చెప్పులు విప్పి, నీళ్లు కళ్లకద్దుకునేవాళ్లం.

మొన్న చుట్టాలకు ఈ సంగతులే గొప్పగా చెబుతూ, ఒడ్డున బోర్లించిన పాత పుట్టిపై చెప్పుకాలు పెట్టి ఫోటో దిగబోయాను. పక్కన మక్కకంకులు కాలుస్తున్న ముసలాయన నన్ను గుర్తుపట్టాడు.

"పురిటినొప్పులప్పుడు నిన్ను దవాఖానకు దాటిచ్చింది గీ పుట్టే గద బిడ్డా!"

చప్పున కాలు తీసేశాను.

"ఏం గాదు తియ్యి, జర నవ్వుకుంట దిగు," అన్నాడాయన.

రోజూ పూజలో కృష్ణమ్మకు దండం పెట్టే నేను, నన్ను దాటించిన పుట్టిని పోల్చుకోలేదు. చెప్పులు విప్పి, వంగి పుట్టిని తాకి కళ్లకద్దుకోబోతే, నా చెప్పు మట్టే చేతికంటింది.