సుద్దముక్కతో గీసిన బండి

నా చిన్నప్పుడు బందరులో మా బడి వరండాలో ఒక మధ్యాహ్నం ఎద్దుబండి నిలబడింది. మా సోషల్ మాస్టారు సుద్దముక్కతో నేలమీద గీసిన బండి అది. అందులో నాకు చోటివ్వలేదు. ఇలాంటివి నేను మరిచిపోను.

యుద్ధం వస్తే ఊళ్ళో ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలన్నది ఆ రోజు పాఠం. మాస్టారు పుస్తకాలు మూయించి మా చేత నాటకం ఆడించారు. కొందరు కిటికీలకు నల్ల కాగితాలు అంటించాలి, కొందరు ఇసుక బక్కెట్లు మొయ్యాలి, ఒకడు సైరన్‌లా కూయాలి. ఒక ఏడాది పరీక్ష తప్పి మా తరగతిలోకి వచ్చిన పక్కింటి అక్కకు విజిలిచ్చారు. జనాన్ని బండెక్కించి గుడివాడ చేర్చడం ఆవిడ పని. వేపచెట్టు కింద అరుగే గుడివాడ.

నాకు మంచం దిగలేని బామ్మ వేషం. లేవకూడదు, పిలవకూడదు, ఎవరో వచ్చి ఎత్తుకెళ్ళాలి. నాకే ఎందుకండీ అని అడిగితే, "నీకే సరిపోతుందమ్మా" అన్నారు. అందరూ నవ్వారు.

సైరన్ కూసింది. బల్లమీద పడుకుని కిటికీలోంచి చూస్తున్నాను. పిల్లలు గీతల మధ్య సర్దుక్కూర్చున్నారు. పుస్తకాల సంచులు ఎక్కాయి, అన్నం క్యారేజీలు ఎక్కాయి. నా క్యారేజీ కూడా ఎక్కింది.

"ముసల్దో?" అన్నారెవరో.

"చోటేదే? క్యారేజీలు దించమంటావా? మళ్ళీ ట్రిప్పులో చూద్దాంలే" అని అక్క విజిలూదింది.

మళ్ళీ ట్రిప్పు రాలేదు. గుడివాడలో క్యారేజీలు విప్పుకుని తిన్నారు, నవ్వుకున్నారు, ఆటల్లో పడ్డారు. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. పిలవకూడదన్న మాటకు కట్టుబడి నోరు మూసుకుని ఏడ్చాను. ఆ రోజు గంట కొట్టడానికి పట్టినంత సేపు నా జన్మలో మరెప్పుడూ పట్టలేదు.

చివరికి మాస్టారొచ్చి బల్ల చివర కూర్చున్నారు. నేను నీ ఈడులో ఉండగా పెద్ద యుద్ధం వచ్చిందని మొదలుపెట్టారు. విమానాలొస్తాయని ఊరు ఊరంతా బళ్ళు కట్టిందట. వాళ్ళ బండిలో కొత్తావకాయ జాడీలకు చోటు దొరికింది, వాళ్ళ బామ్మకు దొరకలేదు. మంచం పక్కన నీళ్ళ బిందె పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

"బామ్మగారు పోయారాండీ?" అన్నాను.

"లేదమ్మా. నాలుగో రోజు మా నాన్న వెనక్కొస్తే బతికే ఉంది. ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. మా నాన్నతో మాత్రం మాట్లాడలేదు. జాడీల మధ్య కూర్చున్నది నేనే కదా, నాతోనూ మాట్లాడలేదు."

నిన్ను వదిలెయ్యమని నేనెవరికీ చెప్పలేదు చూశావా అన్నారు. క్యారేజీలు దించితే అందరూ పట్టేటట్టే బండి గీశారట. నేనైతే మరిచిపోనని ఆ వేషం నాకిచ్చారట.

అది మెచ్చుకోలో కాదో అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. అంతసేపూ స్టాఫ్ రూములోంచి చూస్తూ కూడా ఆయన రాలేదు. ఆ కోపం ఆయన మీద ఇంకా ఉంది. మాటలు మానేసిన ఆ బామ్మ తరఫున కూడా నేనే కోపం మోస్తున్నాను.

తుఫాను హెచ్చరికొచ్చి జనాన్ని తరలించే వ్యాను వీధిలో ఆగిందంటే దాని తలుపుకి అడ్డంగా నిలబడతాను. మంచాన ఉన్నవాళ్ళు ఎక్కేదాకా ఒక్క మూట ఎక్కనివ్వను. ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు.

కిందటి తుఫానుకు పక్కింటి అక్కనే ముందు ఎక్కించాను. మోకాళ్ళు పట్టేసి ఇప్పుడు ఆవిడే మంచం దిగలేకుండా ఉంది. పైకెత్తుతూ క్యారేజీ సంగతి గుర్తుచేశాను.

"ఇంకా మరిచిపోలేదుటే నువ్వు?" అంది.

"మరిచిపోతే నిన్నెవరెక్కిస్తారే?" అన్నాను.