అదరగొట్టని గంట

ఆసుపత్రులకు, ఆఫీసులకు పిలుపు గంటలు అమర్చే చిన్న కంపెనీలో ఖలందర్ టెక్నీషియన్. రాయచోటి మనిషి, సౌదీలోని అల్ ఖోబర్‌కు వచ్చి తొమ్మిదేళ్లు. ఏ శబ్దమైనా కళ్లు మూసుకుని వింటాడు. అతని లాప్‌టాప్ తెరమీద, ఒక్కోటి శబ్దాన్ని ఒక్కో రకంగా మలిచే చిన్న చిన్న డబ్బాల బొమ్మలుంటాయి. వాటిని గీతలతో ఒకదానికొకటి కలుపుతూ గంటల మోతలు తయారుచేస్తాడు. పనిలో పడితే టీ చల్లారిపోతుంది, కుడిచెయ్యి మాత్రం శబ్దంతోపాటు గాలిలో లేచి దిగుతుంటుంది.

ఆరోజు ఒక కంటి ఆసుపత్రిలో, రోగులను నంబరు వారీగా పిలిచే టోకెన్ గంట పెడుతున్నాడు. ముందురోజు ఆపరేషనై, కంటికి కట్టుతో కూర్చున్న అతని ఊరివైపు ముసలామె మదార్బీ అది మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడింది. "నాయనా, ఆ చప్పుడుకి గుండె జల్లుమంటాంది. అదరగూడదన్న్యాడే డాక్టరు!" అంది. "బజ్ రహా హై నా, బస్," అని, మోగుతోందిగా ఇక చాలన్నట్టు సూపర్‌వైజర్ తొందరపెట్టాడు. "దస్ మినిట్, సాబ్," అని పది నిమిషాలు అడిగి ఖలందర్ లాప్‌టాప్ తెరిచాడు. శబ్దం సున్నా నుంచి ఒక్కసారిగా నిండు స్థాయికి ఎగరడంవల్ల మొదట్లో టప్పుమంటోంది. అక్కడ శబ్దం మెల్లగా పైకెక్కేలా ఏటవాలుగా ఒక గీత గీశాడు. గంట మరీ మెత్తబడిపోయి, హాల్లో ఎవరూ తలెత్తలేదు. శబ్దం పైకెక్కే ఆ సమయాన్ని సెకనులో ముప్పయ్యో వంతుకు కుదించి, చివరను మాత్రం నిదానంగా ఆరిపోనిచ్చాడు.

గంట మళ్లీ మోగింది. మదార్బీ మెల్లగా తల తిప్పింది.

"ఎవురో పిలిచినట్టుందే."

"నీ నంబరే, పెద్దమ్మా," అన్నాడు ఖలందర్, వైరు చుట్టుకుంటూ.