భీమశంకరం గారి రిహార్సల్ ట్రిప్పులు

భీమశంకరం గారు ఎక్కడికైనా సరే రెండుసార్లు వెళ్తారు. మొదటిసారి రిహార్సల్‌కి, రెండోసారి మాతో.

అమెరికాలో మా నేపర్‌విల్‌లో తెలుగు కుటుంబాల వీకెండ్ ట్రిప్పులన్నీ ప్లాన్ చేసేది ఆయనే. జూ కానీ, వాటర్ పార్క్ కానీ, గుమ్మడికాయల తోట కానీ, మేం పిల్లల్ని కార్లలో వేసుకుని బయలుదేరే శనివారానికి ముందు శనివారం ఆయన ఒక్కరే వెళ్ళి, అన్నీ ఎక్కి, అన్నీ దిగి, అమ్మేవన్నీ తినేసి వస్తారు. ఆయన సొంత పిల్లలు కాలేజీలు కూడా దాటేశారు. అయినా ఇల్లినాయ్, విస్కాన్సిన్, ఇండియానాల్లో ఆయన ఎక్కని బొమ్మ రైలు లేదు, ఆయన చేతి మేత తినని మేక లేదు. పోయినేడాది వేసవి దాకా అందరిలాగే ఉండేవారు. ఉన్నట్టుండి ఈ పిచ్చి పట్టుకుంది.

ఒకసారి పిల్లల మ్యూజియం గేటు దగ్గర ఆయన్ని ఆపేశారు.

"పిల్లలు లేకుండా పెద్దవాళ్ళని పంపం సార్," అందట అక్కడి అమ్మాయి.

"పిల్లలు వచ్చే వారం వస్తారమ్మా."

"అయితే మీరూ వచ్చే వారమే రండి."

"వచ్చే వారం ఎలాగూ వస్తాను. ఈ వారం కూడా వస్తానంటున్నాను."

ఆ అమ్మాయి భయపడి మేనేజర్ని పిలిచింది. వెనక లైన్లో ఉన్న ఓ అమెరికన్ మామ్మగారు జాలిపడి, "ఈయన మాతోనే వచ్చాడు" అని తన మనవలతో పాటు లోపలికి తీసుకుపోయింది. ఆ సాయంత్రం భీమశంకరం గారు సరాసరి మా ఇంటికొచ్చి, "సబ్బు బుడగల గది అద్భుతంగా ఉందోయ్. కాకపోతే మోకాళ్ళు తడుస్తాయి, ఇంకో ప్యాంటు పెట్టుకో" అన్నారు. చూస్తే, ఆయన మోకాళ్ళు ఇంకా ఆరలేదు.

మరోసారి మొక్కజొన్న చేలో దారి తప్పే ఆటకి రిహార్సల్‌కి వెళ్ళి, నిజంగానే దారి తప్పి, భార్య వసుమతి గారికి ఫోన్ చేశారు.

"వసూ, నేను మొక్కజొన్నల్లో ఉన్నాను."

"మంచివి చూసి నాలుగు కండెలు తెండి," అని ఆవిడ పెట్టేశారు.

ఇవన్నీ ఒక ఎత్తు, రిహార్సల్ నుంచి వచ్చాక ఆయనిచ్చే రిపోర్టు ఒక ఎత్తు. అందులో సగం రెస్ట్‌రూముల గురించే.

"జూలో సింహం బావుందాండీ?" అని మా అమ్మాయి హంసిక అడిగితే, "సింహానికేం తల్లీ, పడుకునుంది. ఆ సింహం ఎదురుగా ఉన్న రెస్ట్‌రూమ్‌కి మాత్రం వెళ్ళకండి. జిరాఫీ వెనక ఒకటుంది చూడండి, అదీ రెస్ట్‌రూమ్ అంటే!" అని కళ్ళు మూసుకుని, తిరుపతి వెళ్ళొచ్చినవాడు దర్శనం గురించి చెప్పినట్టు చెప్పేవారు.

"పాపం, ఆయనకి షుగరండీ," అంది మా ఆవిడ త్రివేణి. "లేకపోతే మగాడు అన్ని రెస్ట్‌రూములు గుర్తుపెట్టుకుంటాడా?"

వసుమతి గారిని మెల్లిగా కదిపి చూసింది. ఆవిడ నవ్వేసి, మాట గోంగూర మీదికి మళ్ళించారు. దాంతో మాకు ఖాయమైపోయింది. ఆ రోజు నుంచి భీమశంకరం గారొస్తే త్రివేణి టీలో పంచదార వెయ్యడం మానేసింది. ఆయన ప్రతిసారీ ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, "మీ ఇంట్లో టీకి ఈమధ్య ఏదో అయింది" అనేవారు. మేం తలొంచుకునేవాళ్ళం.

మా వీధి చివర ఫణి, స్పందన అని ఒక చిన్న జంట ఉండేది. వాళ్ళ పాప సాన్వికి ఆరేళ్ళు. బంగారంలాంటి పిల్ల, కానీ పెద్ద శబ్దాలంటే ఒళ్ళంతా వణుకు. కుక్కర్ విజిల్ వేస్తే మంచం కిందికి దూరిపోయేది. పోయినేడాది మాతో ఎక్వేరియంకి వచ్చినప్పుడు ఏదో శబ్దానికి బెదిరి, నేల మీద పడి కేకలు పెట్టింది. చుట్టూ మూగిన వాళ్ళలో ఒకావిడ "పెంపకం" గురించి ఏదో అంది. స్పందన పాపనెత్తుకుని వెళ్ళి కార్లో కూర్చుంది, మేం ఎంత పిలిచినా తలుపు తియ్యలేదు. ఆ తర్వాత ఏ ట్రిప్పుకి పిలిచినా "ఆ వీకెండ్ కుదరదండీ" అనే జవాబు. మెల్లిగా మేం అడగడం మానేశాం. భీమశంకరం గారు మాత్రం అడుగుతూనే ఉన్నారు.

ఈ వేసవిలో విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊరికి ప్లాన్ వేశారు. అక్కడ పాతకాలం ఆవిరి రైలొకటి పొలాల మధ్య తిరుగుతుంది. రిహార్సల్‌కి నన్నూ రమ్మన్నారు. ఆరోగ్యం బాగాలేని మనిషి కదా అని వెళ్ళాను.

స్టేషన్లో దిగగానే ఆయన ఇంజను దగ్గరికెళ్ళి, గడ్డం డ్రైవర్ని పట్టుకున్నారు.

"కూత ఎక్కడెక్కడ వేస్తారు?"

"బయలుదేరేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు."

"ఒక్కసారి వేస్తారా?"

డ్రైవర్ వేశాడు. భీమశంకరం గారు మొదటి పెట్టెలో కూర్చుని విన్నారు. "మళ్ళీ!" అని మధ్య పెట్టెలోకి పరిగెత్తారు. "ఇంకొక్కసారి!" అని చివరి పెట్టెలోకి పోయి కళ్ళు మూసుకున్నారు.

డ్రైవర్ నా వైపు చూసి, "ఈయన రైలెక్కడానికి వచ్చాడా, కొనడానికి వచ్చాడా?" అన్నాడు.

తర్వాత ఆయన స్టేషన్ రెస్ట్‌రూమ్‌కి వెళ్ళారు. వచ్చి, స్టేషన్ పక్కనున్న రైళ్ళ మ్యూజియం రెస్ట్‌రూమ్‌కి వెళ్ళారు. అక్కణ్ణుంచి, చిన్నపిల్లలున్న కుటుంబాల కోసం విడిగా కట్టిన రెస్ట్‌రూమ్ గదికి వెళ్ళి, వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చారు.

నేనుండబట్టలేక, "భీమశంకరం గారూ, దాచుకోకండి. నాకు తెలిసిన మంచి డాక్టరున్నాడు" అన్నాను.

"ఎందుకోయ్, నీకేమైంది?" అని ఆయన నా భుజం మీద చెయ్యేశారు.

తిరిగొస్తూనే ఫణి వాళ్ళ తలుపు కొట్టారు. "నేను చివరి పెట్టెలో కూర్చుంటానయ్యా, నా పిచ్చి నాది. ఈ జనం ఎవరూ నా పక్కన కూర్చోరు. మీరైనా తోడు రండి."

స్పందన "ఆ వీకెండ్" అని మొదలుపెట్టేలోగా, రైలు బొమ్మల నైట్‌డ్రెస్ వేసుకున్న సాన్వి వెనక నుంచి, "రియల్ ట్రైనా? మమ్మీ, నేను వెళ్తా" అంది.

స్పందన కూతురి తల నిమిరింది. "ఏడిస్తే వెంటనే వెనక్కొచ్చేస్తాం. ఎవరూ ఏమీ అనుకోకూడదు," అంది.

ఆ శనివారం అందరం వెళ్ళాం. సాన్వి చెవులకి చప్పుడాపే గులాబీరంగు మఫ్స్ పెట్టుకుని, రైలుని చూసి గెంతుతోంది. అంతలో, "మమ్మీ, బాత్రూమ్" అంది. భీమశంకరం గారు ముందుండి ఆ విడి గదికి దారి తీశారు. తలుపు మీద బోర్డు వేలాడుతోంది: రిపేర్లో ఉంది.

ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం నేను మొదటిసారి చూశాను.

ఇక దగ్గర్లో మిగిలింది స్టేషన్లో ఆడవాళ్ళ పెద్ద రెస్ట్‌రూమే. సాన్వి గుమ్మం దగ్గరికి వెళ్ళిందో లేదో, లోపల చేతులారబెట్టే మెషీను విమానంలా గర్జించింది. పాప తల్లి కాళ్ళ మధ్యకి దూరిపోయింది. మఫ్స్ మీద చేతులు, వాటి మీద తల్లి చేతులు. లైన్లో ఆడవాళ్ళంతా తిరిగి చూశారు. స్పందన పాపనెత్తుకుంది. "ఫణీ, కార్ తియ్యి. వెళ్ళిపోదాం."

"ఒక్క నిమిషమమ్మా!" అని భీమశంకరం గారు వ్యాన్ దగ్గరికి పరిగెత్తారు. పిక్నిక్‌కి తెచ్చిన తువ్వాళ్ళు, దుప్పట్లు, వసుమతి గారి కొత్త టేబుల్ క్లాత్, అన్నీ రెండు చేతులా వేసుకుని వచ్చి, గుమ్మం ముందు నిలబడి గొంతెత్తారు.

"లేడీస్! ప్లీజ్! నో మెషీన్! ఓన్లీ టవల్!"

లైన్లో మొదటావిడ చిన్నదాన్ని చూసి, సంగతి గ్రహించి, లోపలికెళ్ళి తడి చేతులతో బయటికొచ్చి ఆయన భుజం మీది తువ్వాలుకి తుడుచుకుంది. రెండో ఆవిడ దుప్పటికి తుడుచుకుంది. ఇంకొకావిడ లోపలికి తల పెట్టి, "ఎవరూ ఆ మెషీన్ ముట్టుకోకండి!" అని పోలీసులా అరిచింది. టేబుల్ క్లాత్ అయిపోయాక ఒక బామ్మగారు ఏకంగా ఆయన చొక్కా చేతినే పట్టుకుంది. ఆయన కదల్లేదు.

లోపల వసుమతి గారు, దానంతటదే పెద్ద చప్పుడుతో నీళ్ళు వదిలే ఫ్లష్ పనిచెయ్యకుండా, దాని సెన్సర్ కంటికి పసుపురంగు కాగితం అంటించారు. సాన్వి వెళ్ళింది. వచ్చింది. ఏమీ గర్జించలేదు.

నాకప్పుడు వెలిగింది. "అయితే మీకు షుగర్ లేదా?"

"నాకెందుకుంటుందోయ్ షుగర్?" అన్నారాయన, చొక్కా పిండుకుంటూ. తర్వాత గొంతు తగ్గించారు. "పాప కోసమని చెబితే స్పందన రాదు. అందరికీ భారమయ్యామనుకుంటుంది. ముసలాడి పిచ్చి అనుకుంటే వస్తుంది. నువ్వు నోరు మూసుకో."

నేను మూసుకున్నాను. స్పందన అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. ఆమెకి వినపడిందనే నా అనుమానం.

రైలు బయలుదేరే ముందు గడ్డం డ్రైవర్ కిందికి దిగి సాన్వి ముందు మోకాలేశాడు. "కూత నువ్వు వేస్తావా? నువ్వు లాగితేనే మోగుతుంది. నువ్వొదిలేస్తే ఆగిపోతుంది."

"వద్దు వద్దు," అన్నారు భీమశంకరం గారూ స్పందనా ఒకేసారి.

"నేను లాగితేనేనా?" అంది సాన్వి. ఇంజనెక్కింది. తాడు పట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని లాగింది.

కూ...!

కళ్ళు తెరిచింది. తల్లిని చూసింది. మళ్ళీ లాగింది. ఈసారి వదల్లేదు. విస్కాన్సిన్ అంతా దద్దరిల్లిపోయింది. స్పందన ప్లాట్‌ఫామ్ మీద చిన్నపిల్లలా గెంతుతూ చప్పట్లు కొట్టింది. చేతులు తుడుచుకున్న ఆడవాళ్ళంతా కిటికీల్లోంచి కేకలేశారు.

ఇంజను పక్కనే నిలబడ్డ భీమశంకరం గారు రెండు చెవులూ మూసుకుని గజగజలాడుతున్నారు.

సాన్వి తాడు వదిలి, ఆయన్ని జాలిగా చూసింది. కిందికి దిగొచ్చి, తన గులాబీరంగు మఫ్స్ తీసి, ఆయన్ని వంగమని ఆయన తలకి తొడిగింది.

"నువ్వు పెట్టుకో అంకుల్. భయం లేదు. ఇట్స్ ఓకే."

నేపర్‌విల్ వచ్చేదాకా ఆయన అవి తియ్యలేదు.