పీతలు గుమ్మమెక్కిన రోజు

మరిడమ్మకి కోపం ముక్కుమీదే ఉంటుంది. అయినా ఉప్పలగుప్తం అవతల సముద్రపుటొడ్డున ఆమె ఎండుచేపలు ఆరబెడుతుంటే, బడి వదిలిన పిల్లలు రోజూ వచ్చి చుట్టూ మూగుతారు. రోజుకో వింత చెబితేగానీ కదలరు.

"పీతకి పళ్లు నోట్లో కాదర్రా, పొట్టలో ఉంటాయి. ఒళ్లు పెరిగి పెంకు ఇరుకైతే దాన్ని విడిచేసి, కొత్తది గట్టిపడేదాకా దాక్కుంటాది. ఇంక పొండి!"

ఆ సాయంత్రం దుర్గ అనే పిల్ల కదల్లేదు. "మరి పీతలన్నీ ఊళ్లోకొచ్చేస్తే ఏమవుద్ది, మామ్మా?"

మరిడమ్మ చెయ్యి చేపల మీదే ఆగిపోయింది.

ఏడేళ్ల కిందట, తొంభై ఆరు తుఫాను రోజు పొద్దున్నే పీతలు బారులు తీరి ఆమె గుమ్మమెక్కాయి. కాస్త మబ్బుగా ఉంది, అంతే. వెతక్కుండానే కూర దొరికిందని మురిసిపోయి, బుట్టెడు ఏరి ఇగురు పెట్టింది. మొగుడు లోవరాజు మళ్లీ మళ్లీ వడ్డించుకుని తిని, పడవేసుకుని వేటకెళ్లాడు. ఆ రాత్రి సముద్రం అతన్నీ, పడవనీ కూడా తిరిగివ్వలేదు.

"ఏమవుద్దో చెప్పు మామ్మా!"

"పెద్ద గాలొస్తాదంటారు. పీతల్ని ఏరుకుంటా కూకోకండి. పరిగెత్తికెళ్లి మీ నాన్నల చేత పడవలు కట్టించెయ్యండి."

"నీకెవరు చెప్పేరు?"

"మా అత్త."

"ఎప్పుడు?"

మరిడమ్మ ఎండుచేపని అటు తిప్పి, మళ్లీ ఇటు తిప్పింది.

"నా పెళ్లైన కొత్తలోనే చెప్పిందమ్మా."